పట్టా తెగేదాకా ఆగడం కిఫాయత్ కాదు

మా పెద్దవంగరలో "బెల్టు" అనే మాట వినబడగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది మందు సీసాలమ్మే బెల్టు షాపు. ఆ తర్వాత పోలీసాయన నడుముకున్న బెల్టు. ఎవరికీ గుర్తురాని మూడో బెల్టు ఒకటుంది. వడ్రంగి కార్ఖానాలో కోత మిషన్ కింద, చీకట్లో, రంపం పొట్టు మధ్యన తిరిగే నల్ల రబ్బరు బెల్టు. ఉర్దూలో దాన్ని పట్టా అంటాం. భూమి కాగితానికి కూడా అదే మాట. భూమి పట్టాలో ఒక్క అక్షరం తప్పుపడితే మనవాళ్లు ఆఫీసుల చుట్టూ ఏళ్లతరబడి తిరుగుతారు. మిషన్ పట్టా పగుళ్లిస్తే మాత్రం "ఇంకో వారం నడుస్తది తీయ్" అంటారు.

ఆ "ఇంకో వారం" గురించే ఈ నాలుగు మాటలు.

అబ్బాజాన్‌ది రోడ్డు పక్క చిన్న కార్ఖానా. దర్వాజాలు, కిటికీలు, మంచాలు, పెళ్లిళ్ల సీజన్‌లో బీరువాలు. ఇప్పుడు మా అన్న చూసుకుంటున్నాడు. నాకు ఆ హునర్ అబ్బలేదు. రంద పట్టుకుంటే చెక్క కన్నా నా అరచేయి ఎక్కువ అరిగేది. అందుకే బజారు పనులు నాకు చెప్పేవారు. మేకులు తేవడం, ఫెవికాల్ తేవడం, బ్లేడు సానకు ఇచ్చి రావడం.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి కోత మిషన్ బెల్టు జారడం మొదలైంది. స్విచ్ వేయగానే కీచుమని అరిచేది. కాసేపటికి అరుపు ఆగి, కాలిన రబ్బరు వాసన వచ్చేది. అప్పుడు మా దగ్గర పందొమ్మిదేళ్ల షాగిర్ద్ ఒకతను ఉండేవాడు. మంచి పనివాడు. "జారుతాంది ఉస్తాద్, మందం కర్ర పెడితే బ్లేడు ఆగిపోతాంది" అని అబ్బాజాన్‌తో చెప్పాడు. అబ్బాజాన్ నాకు పైసలిచ్చి తొర్రూరు పంపారు.

దుకాణంలో "నంబరెంత?" అని అడిగారు. నాకు తెలియదు. పాత బెల్టు మిషన్ మీదే ఉంది. దాని వీపు మీద అచ్చువేసిన నంబరు ఎప్పుడో అరిగిపోయింది. అందాజాగా చేతులు చాపి చూపించాను. దుకాణదారు నవ్వి, "పాతది తీసుకురా బాబూ" అన్నాడు. ఖాళీ చేతులతో వచ్చి ఆ మాటే చెప్పాను. బెల్టు విప్పితే పని ఆగుతుంది. ఎవరిదో గృహప్రవేశం దగ్గరపడింది. "రేపు జూద్దాం, పని కానీ" అన్నారు అబ్బాజాన్. ఆ రేపు ఎనిమిది రోజులు సాగింది. మధ్యలో బెల్టు మీద గుగ్గిలం పొడి చల్లారు. మోటారు బోల్టులు వదులుచేసి, ఇంకాస్త వెనక్కి లాగి బిగించారు. రెండు రోజులు బాగానే నడిచింది.

తొమ్మిదో రోజు టేకు దర్వాజా చెక్క కోస్తున్నారు. ముడి దగ్గర బ్లేడు మందగించింది. షాగిర్ద్ అలవాటు ప్రకారం ఒళ్లంతా ముందుకు వేసి నెట్టాడు. జారుతున్న బెల్టు ఉన్నట్టుండి పట్టుకుంది. బ్లేడు ఒక్కసారిగా వేగం అందుకుంది. ముడి తెగిపోయింది. చెక్కతోపాటు చేయి కూడా ముందుకు వెళ్లింది. కుడిచేతి చూపుడువేలు, నడిమి వేలు రెండో కణుపు దగ్గర పోయాయి.

అతన్ని వరంగల్ తీసుకెళ్లారు. ఖర్చు అబ్బాజానే పెట్టుకున్నారు. ఇక్కడ నేను చెప్పదలచుకున్నది వేరే సంగతి. మరునాడు పొద్దున అన్న బెల్టు విప్పి చేతిలో పట్టుకుని తొర్రూరు పోయాడు. కొత్తది తెచ్చి ఎక్కించాడు. ఎక్కించడానికి అరగంట కూడా పట్టలేదు. ఎనిమిది రోజుల్లో దొరకని అరగంట తొమ్మిదో రోజు తర్వాత దొరికింది. ఇన్నేళ్లయినా నాకు ఆ అరగంట మీదే కోపం. ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాణ్ని నేనే కాబట్టి అందులో నా వాటా నాకుంది.

చాలామంది ఇలాంటిదాన్ని కిస్మత్ అంటారు. ఇంకొందరు "పనివాడి గఫ్లత్" అంటారు. రెండూ నాకు ఒప్పుదల కావు. ఎందుకో చెప్పాలంటే ఆ మిషన్ ఎలా నడుస్తుందో కాస్త చెప్పాలి.

మన ఊళ్ల కార్ఖానాల్లో ఎక్కువగా కనిపించేది ఇనుప స్టాండు మీద మందపాటి రేకు టేబులు, దాని మధ్య చీలికలోంచి పైకి కనిపించే గుండ్రటి బ్లేడు, కింద మోటారు. మోటారుకీ బ్లేడు ఇరుసుకీ మధ్య బెల్టు. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరిగేదనుకోండి. దాని పుల్లీ 6 అంగుళాలు, బ్లేడు ఇరుసు పుల్లీ 3 అంగుళాలు అయితే బ్లేడు 2880 చుట్లు తిరుగుతుంది. 12 అంగుళాల బ్లేడుకి ఆ లెక్కన పళ్ల వేగం సెకనుకు దాదాపు 46 మీటర్లు. గంటకు 165 కిలోమీటర్లు. మా రోడ్డు మీద ఏ బస్సూ ఎన్నడూ పోని వేగం అది. పనివాడి వేళ్లు దానికి జానెడు దూరంలో ఉంటాయి.

ఆ తాఖత్ అంతా మోటారు నుంచి బ్లేడుకి చేరవేసేది ఒక్క బెల్టే. దాన్ని వి-బెల్టు అంటారు. పైన వెడల్పు, కింద సన్నం. ఏ సైజు బెల్టు పైన 13 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. బి సైజు 17 వెడల్పు, 11 మందం. ఇది పుల్లీ గాడిలో అడుగున ఆనకూడదు. రెండు పక్కల గోడల మధ్య మేకులా ఇరుక్కోవాలి. పట్టు అంతా పక్కల నుంచే వస్తుంది. పక్కలు అరిగిన బెల్టు గాడిలోకి దిగిపోయి అడుగున కూర్చుంటుంది. అప్పుడిక ఎంత బిగించినా పట్టు రాదు. ఆ బిగింపుకి అరిగేవి బేరింగులే. "బిగించాం కదా" అనే తసల్లీ వట్టిదని దీని అర్థం.

గుగ్గిలం పొడి సంగతీ అంతే. అది మరమ్మత్ కాదు, మరమ్మత్‌కి తొడిగిన నకాబ్. జారుడు కాసేపు కనిపించకుండా చేస్తుంది. జారేదీ పట్టుకునేదీ ముందుగా తెలియని బెల్టు, ఎప్పుడూ జారే బెల్టు కన్నా ఖతర్‌నాక్. ఎప్పుడూ జారేదాన్ని మనిషి అనుమానంతో చూస్తాడు. మధ్యమధ్యలో పట్టుకునేదాన్ని నమ్ముతాడు.

ఒక ఉస్తాద్ నాతో వాదించాడు. "బెల్టు జారడం మంచిదే భాయ్. కర్ర బిగుసుకుంటే బెల్టు జారి మోటారుని బతికిస్తది" అన్నాడు. మాటలో నిజం ఉంది. బ్లేడు నిజంగా ఇరుక్కుపోయినప్పుడు మంచి బెల్టు కూడా జారుతుంది, మోటారు కాలకుండా కాపాడుతుంది. కానీ మంచి బెల్టు జారేది ఆపద వచ్చినప్పుడు. అరిగిన బెల్టు మామూలు కోతలోనే జారుతుంది. ఆ జారుడుకి పనివాడి ఒళ్లు అలవాటు పడుతుంది. బ్లేడు మందగించిన ప్రతిసారీ ఇంకాస్త బలంగా నెట్టడం అతని ఆదత్‌గా మారుతుంది. మా షాగిర్ద్ ఎనిమిది రోజుల్లో నేర్చుకున్నది అదే. మేము నేర్పిందీ అదే. తొమ్మిదో రోజు అతను కొత్తగా ఏ గఫ్లతూ చేయలేదు. ఎనిమిది రోజుల నుంచి చేస్తున్నదే చేశాడు.

నా అసలు మాట ఇక్కడుంది. మన పెద్దలు రెండు మాటల్ని వేరు చేసి చెప్పేవారు. కిఫాయత్ వేరు, కంజూసీ వేరు. ఉన్నదాన్ని పొదుపుగా, పూర్తిగా వాడుకోవడం కిఫాయత్. చేయాల్సిన ఖర్చు చేయకుండా ఆ నుక్సాన్ ఇంకొకరి నెత్తిన వేయడం కంజూసీ. పాత ఉలికి కొత్త పిడి వేసుకుని ఇరవై ఏళ్లు వాడితే కిఫాయత్. ఆ ఉలి అరుగుదల యజమానికీ తెలుస్తుంది, పనివాడికీ తెలుస్తుంది. ఇద్దరి నష్టమూ ఒకటే. బెల్టు అలా కాదు. బెల్టు మార్చనందుకు మిగిలే పైసలు ఒకరి జేబులోకి పోతాయి, పోయే వేళ్లు ఇంకొకరివి. లాభం ఒకచోట, ఖతరా ఇంకోచోట ఉంటే దాన్ని పొదుపు అనడం ఇంసాఫ్ కాదు.

మా అబ్బాజాన్ చెడ్డవారని ఈ మాట అనడం లేదు. ఆయన కూలి ఎగ్గొట్టిన మనిషి కాదు. రంజాన్ నెలలో షాగిర్ద్‌లకి బట్టలు పెట్టిన మనిషి. అలాంటి మనిషి చేతుల్లోనే ఇది జరిగింది కాబట్టే రాస్తున్నాను. ఇది దుర్మార్గుల కథ అయితే రాయాల్సిన పనే లేదు.

చట్టం ఉంది కదా అంటారు. ఉంది. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో 21వ సెక్షన్ ప్రమాదకరమైన మిషన్ భాగాలకు గట్టి కంచె ఉండాలనేది. 22వ సెక్షన్ తిరుగుతున్న మిషన్ దగ్గర పని గురించి చెబుతూ బెల్టు ఎంత వెడల్పుండాలి, దాని అతుకు ఎలా ఉండాలి అన్నదాకా పోయేది. చట్టం రాసినవాళ్లకు బెల్టు సంగతి బాగా తెలుసు. కానీ ఆ చట్టంలో ఫ్యాక్టరీ అంటే కరెంటుతో నడిచేచోట 10 మంది పనివాళ్లు ఉండాల్సి వచ్చేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త కోడ్‌లో ఆ సంఖ్య 20 అయింది. మా కార్ఖానాలో ఎప్పుడూ నలుగురికి మించి లేరు. చట్టం గీత పెరిగినకొద్దీ మనలాంటి చిన్న కార్ఖానాలు దానికి మరింత దూరమవుతున్నాయి.

ఇంకో చట్టముండేది, 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం. అందులో వేళ్లకు పట్టిక ఉండేది. బొటనవేలు పోతే సంపాదన తాఖత్‌లో నూటికి 30 పోయినట్టు. చూపుడువేలు మొత్తం పోతే 14, నడిమి వేలు 12, ఉంగరపు వేలు గానీ చిటికెన వేలు గానీ 7. కణుపు కణుపుకీ లెక్క ఉండేది. ఆ పట్టిక మొదటిసారి చూసినప్పుడు నాకు కాసేపు మాట రాలేదు. వేలు పోయాక దాని వెల చెప్పే కాగితం నూరేళ్ల నుంచి ఉంది. వేలు పోకముందు బెల్టు మార్చమని మా కార్ఖానా గోడకు అంటించిన కాగితం ఒక్కటీ లేదు.

ఇది గరీబ్ దేశాల గోడు మాత్రమే కాదు. అమెరికాలో వినియోగదారుల భద్రతా కమిషన్ అంచనా ప్రకారం 2015లో టేబుల్ రంపం బ్లేడు తగిలి ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన గాయాలు 30 వేలకు పైనే. అక్కడ చర్మం తగలగానే సెకనులో చిన్న భాగంలోనే బ్లేడుని ఆపేసే మిషన్లు మార్కెట్లోకి వచ్చి చాలా ఏళ్లయింది. అవి ఖరీదైనవి. అవి మన దర్వాజా కార్ఖానాలకు ఎప్పుడు వస్తాయో అల్లాహ్‌కే ఎరుక. బెల్టు మాత్రం కొన్ని వందల రూపాయల్లో తొర్రూరులో దొరుకుతుంది. చేతికి అందేదాన్ని వదిలేసి, అందనిదాని కోసం ఆహ్ అనడం నాకు నచ్చదు.

అందుకని నా సలాహ్ ఏమిటో సూటిగా చెబుతాను. ఇవి నా సొంత తెలివి కాదు. ఆ ప్రమాదం తర్వాత మా అన్న పాటిస్తున్నవి, మంచి మెకానిక్‌లు ఎప్పటినుంచో చెబుతున్నవి.

కొత్త బెల్టు ఎక్కించిన రోజే దాని నంబరు మిషన్ స్టాండు మీద పెయింటుతో రాయండి. బెల్టు అరిగేసరికి దాని మీది నంబరు కూడా అరిగిపోతుంది. సరిగ్గా కావాల్సిన రోజున కనిపించదు. రెండోది, ఒక స్పేర్ బెల్టు కార్ఖానాలోనే ఉంచండి. ఎండ తగలనిచోట, నూనె అంటనిచోట మేకుకి వేలాడదీయండి. తొర్రూరు పోయొచ్చే బాధ లేకపోతే "రేపు జూద్దాం" అనే బహానా సగం చచ్చిపోతుంది.

నెలకోసారి మిషన్ ఆపి బెల్టు లోపలి వైపు చూడండి. అడ్డంగా పగుళ్లున్నా, పక్కలు అద్దంలా మెరుస్తున్నా, అంచుల్లో దారాలు లేస్తున్నా, కింద నల్లపొడి రాలి ఉన్నా దాని ఉమర్ అయిపోయింది. స్విచ్ వేయగానే వచ్చే కీచు శబ్దం, కాలిన వాసన కూడా అదే ఖబర్ చెబుతున్నాయి. వోల్టేజ్ మీద నెట్టేయకండి.

మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు. ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి. ఇది ఊళ్లలో మరీ ముఖ్యం. కరెంటు పోయినప్పుడు ఎలాగూ పని లేదు కదా అని బెల్టు విప్పుతారు. స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. కరెంటు చెప్పి రాదు. వేళ్లు పుల్లీ గాడిలో ఉండగా మోటారు లేస్తుంది. కరెంటు పోయి వస్తే దానంతట అది మొదలుకాని స్టార్టర్లు ఉన్నాయి. మామూలు స్విచ్‌తో నడిపే మిషన్‌కి అలాంటిది పెట్టించుకోవడం మంచి ఖర్చు.

స్క్రూడ్రైవరుతో బెల్టుని పుల్లీ మీదికి ఎగదోయకండి. లోపలి దారాలు తెగుతాయి. బయటికి కనిపించదు, నెలలోపే తెలుస్తుంది. మోటారు బోల్టులు వదులుచేసి, మోటారుని దగ్గరికి జరిపి, చేత్తో ఎక్కించండి. అంతకుముందు గాడిలో పేరుకున్న పొట్టు తుడవండి. రెండు పుల్లీలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో దారం లాగి చూడండి. వంకరగా ఉంటే కొత్త బెల్టు కూడా తొందరగా పోతుంది. బిగింపు ఎంతంటే, రెండు పుల్లీల మధ్య బెల్టుని నడుమ బొటనవేలితో నొక్కితే మీటరు పొడవుకి 16 మిల్లీమీటర్ల లెక్కన దిగాలి. అర మీటరుంటే 8. ఒకరోజు నడిపాక మళ్లీ చూడండి, కొత్తది కాస్త సాగుతుంది. రెండు బెల్టుల మిషన్ అయితే రెండూ కలిపే మార్చండి. పాతదీ కొత్తదీ జతవేస్తే బరువంతా కొత్తదాని మీదే పడుతుంది. చివరగా, విప్పిన రేకు మూత మళ్లీ బిగించండి. మూత పక్కన పెట్టి "తర్వాత వేద్దాం" అన్న కార్ఖానాలు ఎన్ని చూశానో.

ఇవన్నీ ఉస్తాద్‌లకు చెప్పిన మాటలు. షాగిర్ద్‌లకు ఒక్కటే మాట. బెల్టు జారుతుంటే మిషన్ ఆపడం మీ హక్. అది గుస్తాఖీ కాదు. ఉస్తాద్‌లారా, ఆపిన కుర్రాణ్ని తిట్టకండి. మా షాగిర్ద్ చెప్పాడు, మేం విన్నాం, కానీ పని ఆపలేదు. విన్నాక కూడా పని నడిపితే విన్నట్టు కాదు.

దర్వాజాలు చేయించుకునే మీకూ ఒక మాట. 2016లో పెద్దవంగర మండల కేంద్రమైంది. అప్పటినుంచి కట్టుబడి పెరిగింది, కార్ఖానాలూ పెరిగాయి. పోటీ పెరిగితే రేటు తగ్గుతుంది. రేటులో కర్ర ఉంటుంది, కూలి ఉంటుంది, పాలిష్ ఉంటుంది. బెల్టు, బ్లేడు సాన, బేరింగు ఎవరూ లెక్కలో వేయరు. మీరు చివర్లో బేరమాడి తగ్గించే ఆ రెండు మూడు వందలు ఎక్కడినుంచి తగ్గుతాయో ఆలోచించండి. కర్ర తగ్గదు, కూలి తగ్గదు. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసేవాళ్లు కూడా ఆ ఎనిమిది రోజుల్లో భాగస్వాములే.

సర్కారుకి కూడా. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, వడ్రంగం వాటిలో ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు, శిక్షణ రోజుల్లో రోజుకు 500 భత్యం ఇస్తారు. మంచిదే. కారీగర్‌కి ఇజ్జత్ ఇచ్చే ఏ పనైనా మంచిదే. నేను కోరేది ఒకటే. మిషన్ మీద కోత నేర్పే ముందు ఆ మిషన్ ఆపడం, బెల్టు విప్పడం, బిగించడం, మూత వేయడం నేర్పాలి. శిక్షణలో మొదటి పూట దానికే ఇవ్వాలి.

అబ్బాజాన్ ఇప్పుడు లేరు. పోయేముందు ఆస్పత్రిలో ఒకరోజు ఉన్నట్టుండి నాతో, "ఆరోజు నువ్వు ఖాళీగా వచ్చినప్పుడు నేనే బెల్టు విప్పి నీ చేతికి ఇయ్యాల్సింది" అన్నారు. ఇరవై ఏళ్లు ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ నా మాట ఆయనకు చెప్పలేదు. నంబరు తెలియకుండా ఎందుకు పోయాను, కనీసం మరునాడైనా "పైసలు నా దగ్గరే ఉన్నాయి, పోయొస్తా" అని ఎందుకు అనలేదు. ఆ పైసలు నిజంగానే వారం రోజులు నా చొక్కా జేబులోనే ఉన్నాయి.

ఆ షాగిర్ద్ ఇప్పుడు వడ్రంగం చేయడం లేదు. పక్క ఊళ్లో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఈద్ రోజున సేమ్యా తాగడానికి ఇంటికొస్తాడు. ముసాఫహా కోసం చేయి చాపుతాడు. ఆ చేయి పట్టుకున్నప్పుడు నా అరచేతికి ఏది తగలదో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం బెల్టు మాటెత్తం.

మీ ఇంట్లోనో, మీ బస్తీలోనో కోత మిషన్ ఉంటే రేపు పొద్దున పని మొదలుపెట్టే ముందు ఫ్యూజు పీకి, ఒకసారి వంగి కిందికి చూడండి. పగుళ్లు కనిపిస్తే బెల్టు విప్పి చేతిలో పట్టుకునే దుకాణానికి పోండి. ఖాళీ చేతులతో పోకండి.